అంటిన వేడి, అచ్చిన వేడి

బడి నుంచి తెచ్చుకున్న ఒక్క మాట

నేను చదివింది నాందేడ్‌లో మరాఠీ బడి. మా నాన్న రైల్వేలో గేటుమన్. నిజామాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గల్లీలో దక్కనీ ఉర్దూ. చదువు ఎంత వచ్చిందో చెప్పలేను గాని, మూడు భాషల్లో తిట్లు అర్థం చేసుకోవడం మాత్రం పూర్తిగా వచ్చింది.

ఒకరోజు సైన్సు మాస్టారు వేడి పాఠం మొదలుపెట్టాడు. వేడి గట్టి వస్తువు గుండా పోతే దాని పేరు వహన్. నీళ్లతోనో గాలితోనో కలిసి పోతే దాని పేరు అభిసరణ్. ఆ రెండో మాట వినగానే నాకు నవ్వు ఆగలేదు.

"కా హసతోస్ రే?" అన్నాడు మాస్టారు. ఎందుకురా నవ్వుతున్నావ్ అని.

మా నాన్నకు పద్యనాటకాల పిచ్చి. గేటు వేసి రైలు కోసం ఎదురుచూసే టైములో పద్యాలు లంకించుకునేవాడు. అభిసారిక అంటే ప్రియుడు వస్తాడని కూర్చోకుండా తానే ఇల్లు దాటి బయల్దేరే నాయిక అని నాకు ఆ వయసుకే తెలుసు. మా తెలుగులో ఇదీ సంగతి అని మాస్టారుకు మరాఠీలో విన్నవించాను. క్లాసంతా గొల్లుమంది.

మాస్టారు బెత్తం తీయలేదు. కాస్త ఆలోచించి, "బరోబర్ ఆహే. మగ్ వహన్ కోణ్?" అన్నాడు. సరిగ్గానే ఉంది, మరి వహన్ ఎవరు అని.

"ఇంట్లో కూసున్నకాడికెల్లి కదలకుండ, చిట్టీ రాసి పక్కింటి పిల్ల చేతికిచ్చి, ఆ పిల్ల ఇంకో పిల్ల చేతికిచ్చి, గట్ల పంపిచ్చే ఆమె సర్" అన్నాను, ఇదీ మరాఠీలోనే.

అప్పుడు తీశాడు బెత్తం.

కాని ఆ రోజు నేను చెప్పింది తప్పు కాదు. వహన్‌లో ఎవరూ చోటు వదలరు. వేడిని పక్కవాడికి అందిస్తారు, పక్కవాడు ఆ పక్కవాడికి అందిస్తాడు. అభిసరణ్‌లో వేడెక్కిందే లేచి బయల్దేరుతుంది, వేడిని తనతోపాటు మోసుకుపోతుంది. తెలుగు పుస్తకాల్లో వీటిని ఉష్ణవహనం, ఉష్ణసంవహనం అంటారని చాలా ఏళ్లకు తెలిసింది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి, ఏది ఏదో గుర్తుపట్టే లోపు పరీక్ష అయిపోతుంది. ఈ విషయంలో మరాఠీవాళ్లే నయం.

ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. కారణం సైన్సు కాదు, లెక్కలు. లెక్కలు నన్ను ముందే వదిలేశాయి. నేను మర్యాద కోసం కొన్నాళ్లు ఆగి వాటిని వదిలేశాను.

ఆ తర్వాత బతుకంతా ఫ్రిజ్‌లు, ఏసీలు, చల్లగదులు బాగుచేయడంలో గడిచింది. ఇప్పుడు మోకాళ్లు మెట్లెక్కనంటున్నాయి కాబట్టి పానాలు, స్క్రూడ్రైవర్లు పక్కన పెట్టాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు గ్యాస్ నింపడం, వైరింగ్ చూడడం నేర్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. నేను రాసేది అది కాదు.

ఉస్తాద్ అడిగే ప్రశ్న

నాకు పని నేర్పింది హమీద్ ఉస్తాద్. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. చేరిన కొత్తలో ఒక పొడుగాటి రాగి పైపు ఇచ్చి ఈ కొస పట్టుకోమన్నాడు. ఆ కొసకు ఆయన గ్యాస్ మంట పెట్టాడు. మంట ఎక్కడో ఉంది, నేనెక్కడో ఉన్నాను. హాయిగా రోడ్డు చూస్తున్నాను. కాసేపటికి పైపు వదిలేసి గంతులేశాను.

"మంట నీ దగ్గరికి వచ్చిందా?" అని అడిగాడు ఉస్తాద్.

"లేదు."

"లగీ" అన్నాడు. అంటింది అని.

తర్వాత మంట నిలబెట్టి, నా చేయి పట్టుకుని మంటకు పక్కన జానెడు దూరంలో పెట్టించాడు. పెద్దగా ఏమీ లేదు. అదే జానెడు దూరంలో మంటకు పైన పెట్టించాడు. చేయి దానంతట అదే వెనక్కి వచ్చేసింది.

"ఆయీ" అన్నాడు. వచ్చింది అని.

పాఠం అంతే. ఆ తర్వాత ఏ మెషీన్ ముందు కూర్చున్నా ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "లగీ క్యా, ఆయీ?" నా నోట్లో అది మన మాటలోకి మారి "అంటిందా, అచ్చిందా?" అయింది. ఏదో వస్తువు ఉండాల్సిన దానికన్నా వేడిగా ఉంది, లేదా చల్లగా ఉంది. ఆ వేడి, ఆ చలి దేన్నో ఆనుకోవడం వల్ల అంటుకుందా, గాలి మోసుకొస్తే వచ్చిందా? అంటిన దాన్ని ఆపాలంటే మధ్యలో ఏదైనా అడ్డం పెట్టాలి, లేదా ఎడం జరపాలి. వచ్చిన దాన్ని ఆపాలంటే దారి మూయాలి, రప్పించాలంటే దారి తెరవాలి. రెండు రోగాలకు రెండు మందులు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే రోగం పెరుగుతుంది. పాడైన మెషీన్ల కన్నా ఇట్లా మందు మార్చి వేసిన మెషీన్లనే నేను ఎక్కువ చూశాను.

ఉస్తాద్ గురించి ఉన్నమాట కూడా చెప్పాలి. ఆయనకు మెషీన్లు తెలిసినంతగా మనుషులు తెలియదు. "నీ ఫ్రిజ్ మంచిగనే ఉంది, నీకే మంచిగ లేదు" అని గిరాకీ మొహం మీదే అనేవాడు. అది చాలాసార్లు నిజమే. అయినా ఆ గిరాకీ మళ్లీ రాడు. నేను వచ్చాక పని పంచుకున్నాం. మెషీన్‌ను ఆయన చూసేవాడు, మనిషిని నేను చూసేవాణ్ని. నవ్వించి, చాయ్ తాగించి, అసలు ఆ ఫ్రిజ్‌ను ఇంట్లో ఏం చేస్తున్నారో కూపీ లాగేవాణ్ని. సగం జబ్బు అక్కడే దొరికేది. ఒక రైల్వే క్వార్టర్‌లో ఫ్రిజ్ వెనక జాలీ మీద చంటిపిల్లాడి బట్టలు ఆరేసేవాళ్లు. ఫ్రిజ్ తన వేడిని గాలికి వదిలేది ఆ జాలీతోనే. వేడి పోయే దారికి లంగోటీలు కట్టి, మెషీన్ చల్లబరచడం లేదని మా మీద అలిగారు.

సర్ఖనిలో బల్బు మహిమ

కిన్వట్ దాటాక సర్ఖనిలో ఒక కిరాణా దుకాణం. ఆయన ఫిర్యాదు వింటే మెషీన్ మీద కన్నా మనిషి మీద అనుమానం వస్తుంది. ఒకే ఫ్రిజ్, పైన పాలు గడ్డకడుతున్నాయి, కింద పెరుగు పులిసిపోతోంది.

తలుపు తీసి చూశాను. పాలపాకెట్లను వెనక చల్లరేకుకు ఒత్తి ఒత్తి పెట్టాడు. అది అంటిన చలి. గడ్డకట్టక ఏం చేస్తాయి? ఇక అరలు తీగలవి, మధ్యలో సందులుంటాయి. చల్లగాలి బరువు, ఆ సందుల్లోంచే కిందికి దిగాలి. ఈయన అందంగా ఉంటుందని అర అరకూ పువ్వుల ప్లాస్టిక్ షీట్ కోసి పరిచాడు. గాలి దిగే మెట్లు మూసేశాడు. పెరుగు దగ్గరికి ఏదీ రాలేదు.

షీట్లు పీకి, పాకెట్లు నాలుగు వేళ్లు ముందుకు జరిపి, అయిపోయిందన్నాను.

"ఏది ఖరాబైంది?" అన్నాడు.

"ఏది కాలే."

"మరి గంత దూరం నుంచి అచ్చినవ్. ఏదో ఒకటి మార్చు."

ఇది రాసిపెట్టుకోండి. పాత ముక్క ఒకటి చేతిలో పెట్టకపోతే పని జరిగిందని మనిషి నమ్మడు. లోపలి బల్బు మార్చి పాతది ఆయన చేతిలో పెట్టాను. ఆ తర్వాత అటు పోయిన ప్రతివాడికీ ఆయన ఆ బల్బు మహిమ వినిపించాడట.

సుజాతక్క గది

ఇప్పుడు అసలు సంగతి. నేను పని మానేయడానికి కొద్దికాలం ముందు జరిగింది.

సుజాతక్క ధర్మాబాద్ ఆడపడుచు, నాందేడ్ కోడలు. భర్త రైల్వేలో గార్డు, ఇంట్లో కన్నా బండిలోనే ఎక్కువ. ఈమె మార్కెట్‌లో అరటిపండ్లు అమ్మేది. కొన్నాళ్లకు, ఎవరో మాగబెట్టిన పండ్లు తెచ్చి అమ్మడం ఎందుకు, మనమే మాగబెడదాం అని ఇంటి వెనక స్థలంలో చల్లగది కట్టించింది. కాయను అందులో పెట్టి, మాగబెట్టే గ్యాస్ వదిలి, చల్లగాలిలో ఉంచితే అన్నీ ఒకేసారి పసుపు రంగుకు వస్తాయి. రావాలి. ఆమెకు రాలేదు.

మొదటి లోడు తీస్తే తలుపు దగ్గరి కాయలు పచ్చిగానే ఉన్నాయి. మధ్యలో ఉన్నవాటికి పైకి తొక్క ఆకుపచ్చగానే కనిపిస్తోంది, ఒలిస్తే లోపల ఉడికి పిండిపిండి. రెండో లోడూ అంతే.

ఆ ఇంట్లో పెద్దకొడుకు విఠల్. సుజాతక్కకు బావ. ఉల్లిగడ్డల వ్యాపారం. గది కట్టేటప్పుడే అది గోదాముకైతే బాగుంటుందని అన్నాడు. రెండో లోడు పారబోసిన రోజు అందరి ముందూ తేల్చాడు.

"ఇంకో లోడు సూద్దాం. అది గూడ గిట్లనే అయితె మెషీన్ అమ్మేసి గదిల ఉల్లిగడ్డలు వోద్దాం. ఏమంటవ్ సుజాతా?"

ఆమె సరేనంది. ఆ ఇంట్లో మాట నెగ్గించుకుని ఆమె చేసిన మొదటి పని ఆ గది. అది ఉల్లిగడ్డలకు పోతే ఆ మాట కూడా దాంతోనే పోతుంది. ఇది నాకు ఆమె చెప్పలేదు. నన్ను పిలవడానికి వచ్చినప్పుడు కూర్చోకుండా నిలబడే మాట్లాడింది, అందులో తెలిసింది.

"మూడో లోడు నిన్ననే ఎక్కిచ్చినమన్నా. ఇంక గ్యాస్ పెట్టలే. నువ్వు అచ్చి సూసినంకనే పెడ్త" అంది.

గోడ నిర్దోషి

పోయేసరికి విఠల్ గది బయట పడమటి గోడకు థర్మాకోల్ పలకలు మేకులతో కొడుతున్నాడు.

"ఏం అన్నా, గోడకు స్వెటర్ తొడుగుతున్నవా?" అన్నాను.

"నగుతవేంది? సాయంత్రందాంక ఎండ గీ గోడకే కొడ్తది. వేడి గోడల నుంచి లోపలికి పోయి కాయ ఉడుకుతున్నది."

"నువ్వు ఉల్లిగడ్డలకోసం సూస్తున్నవనుకున్న. గదిని బతికిస్తున్నవా?"

"రేపు గోదామైనా గోడ సల్లగుండాలె గద" అన్నాడు, మేకు మీద నుంచి చూపు తీయకుండా.

ఆయన చెప్పింది ఊరికే కొట్టిపారేసేది కాదు. గోడ గుండా వేడి రావడం జరిగేదే. అది అంటిన వేడి, దానికి మందు థర్మాకోలే. కాని రోగం అదేనా? లోపలికి పోయి అదే గోడకు అరచేయి ఆనించాను. చల్లగా ఉంది. గదికి వేసిన పలకలు తమ పని తాము చేస్తున్నాయి. గోడ నిర్దోషి.

మెషీన్ చూశాను. గది వెనక గోడకు పైన ఉంది. పై మూతి నుంచి చల్లగాలి తలుపు వైపు కొడుతోంది, కింది మూతితో గాలి వెనక్కి పీల్చుకుంటోంది. ఏ లోపమూ లేదు. మెషీన్ కంపెనీ ఇంజనీరు కూడా అదే అన్నాడట, ఫోన్‌లో.

"ఇంకేమన్నడు అక్కా?"

"ఎయిర్ సర్క్యులేషన్ సూడుమన్నడు. రెండుసార్లు అన్నడు. ఫ్యాన్ మంచిగనే తిరుగుతున్నది అని చెప్పిన."

ఆ ఇంజనీరు ఎవరో నాకు తెలియదు. ఊరు దాటకుండా, గది చూడకుండా జబ్బు పట్టేశాడు. కాకపోతే ఆయన చెప్పిన మాట ఈ ఇంటికి చేరలేదు. ఫ్యాన్ తిరగడం వేరు, గాలి తిరగడం వేరు. చదువు లేని మెకానిక్ ఇంజనీర్ల మీద జోకులు వేయడం మామూలే, నేనూ కావలసినన్ని వేశాను. కాని జబ్బు పట్టింది ఆయన, నేను చేసింది దాన్ని మన మాటలోకి దించడం. అది కూడా ఈ పనిలో భాగమే.

ఇక కాయలు చూశాను. 

ప్లాస్టిక్ క్రేట్లు రెండు వరుసలుగా గోడలకు పూర్తిగా ఆనించి పేర్చారు, మధ్యలో నడవ. క్రేటుకు చుట్టూ కన్నాలుంటాయి గాలి కోసం. ప్రతి క్రేటు లోపలా పాత పేపర్లు పరిచి ఆ కన్నాలు మూసేశారు. అది చాలదన్నట్టు వరుసల చుట్టూ బొంతలు కప్పారు. పాత చీరలు, గోనె పట్టాలు కలిపి కుట్టిన దళసరి బొంతలు. మంచం మీద వేసుకునేవి కావు, క్రేట్ల కొలతకు ప్రత్యేకంగా కుట్టినవి.

"గీ గదిల సర్క్యులేషన్ ఉన్నది పాత పేపర్లకే అక్కా" అన్నాను. "బొంతలు ఎవలు కుట్టిండ్రు?"

సుజాతక్క గొంతు తగ్గించింది. "అత్తమ్మ. కాయ మాగాలంటె ఎచ్చగ కప్పాలెగద అని. కాలునొప్పి ఉన్నా కూసోని అన్నీ కుట్టింది."

అర్థమైంది. ఆమె అత్త నర్సవ్వ బతుకంతా కాయలు మాగబెట్టిన మనిషి. మామిడికాయనైనా, అరటిగెలనైనా గడ్డిలో పెట్టి బొంత కప్పేది. ఇంట్లో అది సరైన పద్ధతే. ఒక గెలకు వెచ్చదనం కావాలి. గది నిండా ఉన్న గెలలకు ఆ వెచ్చదనమే ఎక్కువ. మాగే కాయ ఊపిరి పీల్చుకుంటుంది, దాని ఒంట్లోంచి వేడి పుడుతుంది. పాత లోడు సంగతి అడిగితే, మధ్య క్రేటులో చేయి పెడితే జ్వరం వచ్చిన పిల్ల కడుపులా ఉండేదని సుజాతక్కే చెప్పింది.

ఆ వేడి బయటపడాలి. గాలి రాకుండా చేశారు కాబట్టి ఇక మిగిలింది వహన్ ఒక్కటే. కాయ నుంచి కాయకు, కాయ నుంచి పేపరుకు, పేపరు నుంచి బొంతకు. చిట్టీ అన్ని చేతులు మారి గోడకు చేరేలోపు నాయికకు పెళ్లయి పిల్లలు కూడా పుడతారు.

అగరుబత్తి

చెబితే నమ్మరు, చూపించాలి. గదిలో ఇంకా మాగబెట్టే గ్యాస్ వదలలేదని మరోసారి అడిగి రూఢి చేసుకున్నాను. కొత్తవాళ్లు ఇది మరచిపోవద్దు. ఆ గ్యాస్ ఉన్న గదిలో నిప్పు తెస్తే ఆ పాఠం చెప్పడానికి మనం ఉండం. తర్వాత సుజాతక్కను ఒక అగరుబత్తి అడిగాను. వెలిగించి మెషీన్ కింద పట్టుకుని నిలబడ్డాను. విఠల్ తలుపు దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, చేతులు జోడించాడు.

"అన్నా, పూజ కాదు. పొగ ఎటు పోతదో సూడు."

"ముందుగాల చెప్పద్దా" అని చెప్పులు వెతుక్కున్నాడు.

పొగ పై గాలిలో పడి కప్పు వెంబడి తలుపు దాకా పోయింది. తలుపు దగ్గర కిందికి దిగింది. నడవలో పడి నేరుగా వెనక్కి వచ్చి మెషీన్ కింది మూతిలోకి దూరింది. మళ్లీ పట్టాను, మళ్లీ అదే దారి. క్రేట్ల వైపు ఒక్క పోగు కూడా తిరగలేదు.

"సూసినవా అక్కా? సల్లగాలి మంచిగ తయారై బయల్దేరుతున్నది. రోడ్డు మీద షికారు జేసి ఇంటికి వాపసొస్తున్నది. కాయ ఉన్న గల్లీలకు పోతలేదు."

"ఎట్ల పోతది, గల్లీకి బొంత అడ్డం కట్టినంక" అంది సుజాతక్క. ఆమెకు మొత్తం తెలిసిపోయింది. వెంటనే ఇంటివైపు చూసింది. "అన్నా, మెషీన్ సంగతి వదిలెయ్. బొంతలు తియ్యాలని అత్తమ్మకు నువ్వు చెప్పు. నేను జెప్పలేను."

"చెప్తె ఏమైతది?"

"ఏం కాదు. మాట్లాడుడు బంద్ జేస్తది. గీ గదికి ఇంట్ల సరే అన్నది ఆమొక్కతే."

గటక

నర్సవ్వ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని జొన్న గటక వండుతోంది. గటక తెలియనివాళ్లకు చెబుతున్నాను, రవ్వగా పట్టిన జొన్నలను ఎసట్లో పోసి చిక్కగా ఉడికించేది. నన్ను చూసి తెడ్డు ఆపలేదు.

"ఏం కొడుకా, మెషీన్ల ఏం తప్పున్నదట?"

"మెషీన్ల ఏం లేదవ్వా. బొంతల మీద అనుమానమున్నది."

"నా బొంతల జోలికస్తె తెడ్డుతోని కొడ్త. నువ్వు పుట్టకముందు నుంచి కాయ మాగబెడుతున్న. కప్పకుంటె మాగుతదా ఎక్కడన్న? బడి ఎగ్గొట్టిన పోరనివి, నాకు జెప్పొచ్చినవ్."

"నిజమే అవ్వా. గందుకే అడుగుతున్న, నాకు తెల్వదు. ఎసట్ల రవ్వ వోసినప్పుడు, మొదట్ల నీళ్లు పల్చగ ఉంటయి గద. అప్పుడు గూడ గిట్లనే తెడ్డు తిప్పుతవా?"

"అప్పుడెందుకు? రవ్వ దానంతలది మీదికి లేస్తది, కిందికి పోతది. ఉడుకే దాన్ని తిప్పుతది."

"మరి ఇప్పుడెందుకు తిప్పుతున్నవ్?"

"ఇప్పుడు చిక్కవడ్డది. కదలది. తిప్పకపోతె అడుగంటదా?"

అక్కడ నేను ఆగిపోయాను. ఉస్తాద్ మాటను "అంటిందా" అని నేనే మార్చుకున్నాను. ఆ మాట ప్రతి వంటింట్లో గిన్నె అడుగున ఉందని అన్నేళ్లలో నాకు తట్టలేదు. పల్చగా ఉన్నంతసేపూ నీళ్లు వేడిని మోసుకుని పైకీ కిందికీ తిరుగుతాయి. చిక్కబడగానే తిరుగుడు ఆగిపోతుంది. అడుగున పడ్డ వేడి పైకి పోలేక అక్కడే అంటుతుంది.

"అవ్వా, నీ కోడలు గదిల గటక అడుగంటుతున్నది" అన్నాను. "కాయ ఒంట్ల వేడి పుడుతున్నది. అది లేచి పోవాలె. పేపర్లు, బొంతలు కలిసి లోపల అంతా చిక్కవడ్డది. మెషీన్ ఫ్యాన్ ఉన్నది సూడు, అది తెడ్డు. తెడ్డు తిరుగుతనే ఉన్నది, గని గిన్నె బయట తిరుగుతున్నది."

నర్సవ్వ తెడ్డు ఆపింది. గటక ఒకసారి బుడగ వేసి చిటపటమంది. మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

"గింత పని జేసి కుట్టిన. పారెయ్యమంటవా?"

"పారెయ్యద్దు. వాటి డ్యూటీ మారుద్దాం. కాయ మీదికెల్లి తీసి, ఆ తెడ్డు గాలి తప్పిచ్చుకపోయే దారికి అడ్డం కడదాం."

"ఎవలకు కావాలె డ్యూటీ" అని గొణిగింది. తర్వాత లోపలికి వినపడేలా పిలిచింది. "సుజాతా, బొంతలు తియ్యి. నేను తియ్యమన్న అని చెప్పు, లేకుంటె విఠల్‌గాడు మురుస్తడు."

డ్యూటీ మారిన బొంతలు

క్రేట్లన్నీ దించి మళ్లీ పేర్చాం. పేపర్లు తీసేశాం. వరుసలను గోడకు జానెడు ఎడంగా నిలబెట్టాం, కన్నానికి ఎదురుగా కన్నం వచ్చేలా. ఆ తర్వాత బొంతల పని. మధ్య నడవ పైన ఆ వరుస నుంచి ఈ వరుసకు బొంతలు పందిరిలా పరిచాం. తలుపు వైపు నడవ మూతికి పరదాలా కట్టాం. ఇప్పుడు పై నుంచి వచ్చిన గాలికి నడవలోకి దొంగదారి లేదు. గోడల పక్క సందుల్లోకి దిగాలి, క్రేట్ల కన్నాల గుండా కాయను తాకుతూ నడవలోకి రావాలి, అప్పుడే మెషీన్ మూతికి చేరుతుంది. వచ్చే దారిలో కాయ ఒంటి వేడిని ఎత్తుకుపోతుంది.

మళ్లీ అగరుబత్తి పట్టాను. పొగ కప్పు వెంబడి పోయి, ఒక్క క్షణం తటపటాయించి, గోడ సందులోకి దిగి కనపడకుండా పోయింది. కాసేపటికి నడవ లోపల, క్రేటు కన్నంలోంచి సన్నగా బయటికి వచ్చింది. సుజాతక్క ఆ కన్నం దగ్గర చేయి పెట్టి అట్లాగే ఉంచేసింది.

గోడకు కొట్టిన థర్మాకోల్ మాత్రం అట్లాగే ఉంచాం. విఠల్ అంత శ్రమపడ్డాడు, పీకడం ఎందుకు. హాని లేని తప్పును సరిదిద్దడానికి పోయి మనుషులను దూరం చేసుకోవద్దు. ఉస్తాద్‌కు ఇది ఎప్పటికీ ఒంటబట్టలేదు.

లోడు తీసే రోజు నన్నూ పిలిచారు. నేను పోయేసరికి గది ముందు టెంపో ఆగి ఉంది, నిండా ఉల్లిగడ్డల బస్తాలు. విఠల్ టెంపోకు ఆనుకుని నిలబడ్డాడు.

"ముందే తెచ్చినవేందన్నా?"

"టెంపో ఇయ్యాలనే దొరికింది" అన్నాడు. అబద్ధం ఆడేటప్పుడు ఆయన చూపు పక్కకు పోతుంది.

సుజాతక్క తలుపు తీసింది. తానే ముందు లోపలికి పోతుందనుకున్నాను. పోలేదు. అత్త వైపు చూసింది. నర్సవ్వ కర్ర పట్టుకుని మెల్లగా లోపలికి పోయింది. తలుపు దగ్గరి క్రేట్లు చూడనైనా చూడలేదు. బొంత పందిరి కింద నడవలో వంగి నడిచి, వరుసకు సరిగ్గా నడుమ ఆగి, క్రేటు సందులోంచి మోచేతి దాకా చేయి దూర్చింది. గిన్నె అడుగు చూసినట్టే చూసింది.

"అంటలే" అంది.

ఒక హస్తం పండ్లు తెంపి బయటికి తెచ్చింది. కొస నుంచి కొస దాకా ఒకే పసుపు. ఒక పండు ఒలిచి విఠల్ చేతిలో పెట్టింది.

"తిను. తిని బస్తాలు దించకుండ తీస్కపో."

ఆయన తిన్నాడు. సగం తిని ఆగి, నమిలి, మిగతా సగమూ తిన్నాడు. "మంచిగనే ఉన్నది" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని నన్ను పక్కకు పిలిచాడు. "గంగాధర్, నా గోదాముల గూడ నడిమి బస్తాలు మురుగుతున్నయి. అవి గోడకు ఆనిచ్చే ఉన్నయి. గిదేనా కత?"

"గిదే. రేపు అగరుబత్తి తీస్కొని అస్త. చెప్పులు విడువకు."

సుజాతక్క అప్పటికి లోపలికి పోయి ఒక్కో క్రేటు చూసుకుంటోంది. బయటికి వచ్చి మార్కెట్ బండివాడికి ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. ఈసారి మాత్రం కూర్చుని మాట్లాడింది, ఖాళీ క్రేటు బోర్లేసి.

పండ్లు తీసుకోవడానికి వచ్చిన వ్యాపారి గదిలోకి తొంగి చూసి, ఇదేంది, చల్లగదిలో బొంతలేంది అని అడిగాడు. నేను గాలి దారి సంగతి చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే నర్సవ్వ అందుకుంది.

"నేను మొదటికెల్లి చెప్తనే ఉన్న. బొంత లేకుంటె కాయ మాగది."

 ఆమె అన్నదాంట్లో నాకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.